తాడు తేలిక చేస్తుంది, దూలం మోస్తుంది

ఏ హాస్టల్లోనైనా, ఏ బడిలోనైనా జెండా స్తంభం కొన ఒకసారి చూడండి. అక్కడ చిన్న గిలక ఉంటుంది. ఆగస్టు 15న కింద నిలబడి తాడు లాగితే జెండా పైకి వెళుతుంది. స్తంభం ఎక్కాల్సిన పని లేదు. తెలంగాణ పల్లెల్లో దీన్నే గిరక అంటారు. పాఠ్యపుస్తకంలో కప్పీ అని రాస్తారు. పేరు ఏదైనా వస్తువు ఒక్కటే. అంచున గాడి ఉన్న చక్రం, మధ్యలో ఇరుసు, గాడిలో తాడు.

పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మనం చదివి వదిలేసే ఈ కప్పీ లోకంలో ఎక్కడెక్కడ పని చేస్తోందో చెప్పడానికి ఈ వ్యాసం. ఉదాహరణగా అమెరికా ఇళ్ల గ్యారేజీల్లో పడవను పైకప్పుకు వేలాడదీసే ఏర్పాటును తీసుకుందాం. మన పూర్వ విద్యార్థులలో అక్కడ స్థిరపడినవారికి ఇది నేరుగా ఉపయోగపడుతుంది. హాస్టల్లో చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు బావి దగ్గర, ఇల్లు కట్టే చోట ఉపయోగపడుతుంది. ఎందుకంటే లెక్క రెండు చోట్లా ఒకటే.

కయాక్ అంటే ఏమిటి?

కయాక్ అనేది సన్నగా, పొడవుగా ఉండే చిన్న పడవ. ఒక మనిషి అందులో కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు కొనలా రెక్కలున్న తెడ్డుతో నడుపుతాడు. ఇది ఉత్తర ధ్రువ ప్రాంతాల ప్రజల సృష్టి. గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా తీరాల్లో సీల్ జంతువుల వేటకు దీన్ని వాడేవారు. అక్కడ పెద్ద చెట్లు పెరగవు. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రతో, ఎముకలతో చట్రం కట్టి, దానిపై సీల్ చర్మం బిగించి కుట్టేవారు.

ఆ చర్మపు పడవను నేల మీద వదిలేస్తే స్లెడ్జి బండ్లు లాగే కుక్కలు కొరికి తినేసేవి. అందుకే దాన్ని ఎత్తయిన కర్రల మీదనో, రాతి దిమ్మెల మీదనో పెట్టేవారు. అంటే కయాక్‌ను పైన భద్రపరచడం ఇవాళ పుట్టిన అలవాటు కాదు.

ఇప్పుడు ఎక్కువ కయాక్‌లు పాలిథిన్ ప్లాస్టిక్‌తో తయారవుతున్నాయి. సరదాగా చెరువుల్లో నడిపేవి 10 నుంచి 12 అడుగుల పొడవు, 20 నుంచి 25 కిలోల బరువు ఉంటాయి. సముద్రంలో నడిపేవి 16, 17 అడుగుల దాకా ఉంటాయి. మిన్నెసోటా వంటి ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలంలో సరస్సులు గడ్డకడతాయి. పడవను నెలల తరబడి ఇంట్లో దాచుకోవాలి. గ్యారేజీలో కారు పెట్టాక నేల మీద 12 అడుగుల వస్తువుకు చోటు ఎక్కడిది? మిగిలింది పైకప్పే. 

కప్పీ ఏం చేస్తుంది?

ముందు ఒకే ఒక్క కప్పీ తీసుకుందాం. దాన్ని దూలానికి బిగించి, తాడు ఒక కొనకు 24 కిలోల కయాక్ కట్టి, రెండో కొనను కిందికి లాగుతున్నామనుకోండి. దీన్ని స్థిర కప్పీ అంటారు. దీనివల్ల మన శ్రమలో తగ్గేదేమీ లేదు. 24 కిలోల వస్తువును ఎత్తడానికి 24 కిలోల బలంతోనే లాగాలి. చక్రం దగ్గర ఒరిపిడి వల్ల ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. లాభమల్లా దిశ మారడం. పైకి ఎత్తే బదులు కిందికి లాగుతాం, మన ఒంటి బరువు తోడవుతుంది.

ఇప్పుడు రెండో కప్పీ తెచ్చి దాన్ని కయాక్‌కే తగిలిద్దాం. తాడు ఒక కొనను దూలానికి కట్టేసి, ఆ తాడును కింద ఉన్న కప్పీ చుట్టూ తిప్పి, మళ్లీ పైనున్న కప్పీ మీదుగా మన చేతికి తెస్తాం. పడవతో పాటు కదిలే ఈ కప్పీని చర కప్పీ అంటారు. ఇప్పుడు పడవను రెండు తాడు పాయలు పట్టుకుని ఉన్నాయి. బరువును అవి చెరి సగం పంచుకుంటాయి. ఒక్కో పాయకు 12 కిలోలు. మన చేతిలో ఉన్నది ఒక పాయే కనుక మనం లాగాల్సింది 12 కిలోలే.

అయితే ఊరికే వచ్చే లాభం ప్రకృతిలో లేదు. పడవ 2 మీటర్లు పైకి వెళ్లాలంటే రెండు పాయలూ చెరి 2 మీటర్లు తగ్గాలి. అంటే మనం 4 మీటర్ల తాడు లాగాలి. బలం సగమైంది, దూరం రెట్టింపైంది. పని మాత్రం మారలేదు. 24 కిలోల బరువు అంటే దాదాపు 235 న్యూటన్లు. దాన్ని 2 మీటర్లు ఎత్తితే 470 జౌళ్ల పని. సగం బలంతో 4 మీటర్లు లాగినా అదే 470 జౌళ్లు.

ప్రాచీన గ్రీకు శాస్త్రజ్ఞుడు ఆర్కిమెడిస్ కప్పీల సాయంతో మనుషులు, సరుకు నిండిన ఓడను కూర్చున్న చోటు నుంచే లాగి రాజును ఆశ్చర్యపరిచాడని చరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు. అందులో ఉన్నదీ ఈ కిటుకే. పాయలు పెంచుకుంటూ పోతే బలం తగ్గుతుంది, లాగాల్సిన తాడు పెరుగుతుంది.

రెండు కొనలూ సమంగా లేవాలి

12 అడుగుల పడవను మధ్యలో ఒక్కచోట కట్టి ఎత్తలేం, అటో ఇటో వాలిపోతుంది. రెండు చోట్ల పట్టీలు వేయాలి. ముక్కు నుంచి 3 అడుగులు, తోక నుంచి 3 అడుగులు లోపలికి వేస్తే చాలావరకు సరిపోతుంది. ఒక్కో పట్టీకి 12 కిలోల బరువు వస్తుంది. రెండు చోట్లా చెరొక చర కప్పీ పెడితే ఒక్కో తాడును 6 కిలోల బలంతో లాగాలి. ఈ రెండు తాళ్లనూ పైకప్పు మీదుగా ఒకే చోటికి తెచ్చి, ముడివేసి, కలిపి లాగుతారు. మొత్తం 12 కిలోలు. రెండు తాళ్లూ ఒకే కొలతలో కదులుతాయి కనుక పడవ అడ్డంగా, సమంగా లేస్తుంది.

కొందరు తాడు ఆదా అవుతుందని ఒకే తాడును రెండు చర కప్పీల గుండా వరుసగా పోనిస్తారు. అప్పుడు పడవను నాలుగు పాయలు మోస్తాయి, లాగాల్సింది 6 కిలోలే అవుతుంది. వినడానికి బాగుంది. కానీ ఒక చిక్కు ఉంది. ఒకే తాడు కాబట్టి ఒక కొన కొంచెం దిగితే రెండో కొన అంత పైకి లేస్తుంది. దాన్ని మళ్లీ సమం చేసే శక్తి ఏదీ అందులో లేదు. తూగుడు బల్లలాగా పడవ ఊగుతుంది, పట్టీల్లోంచి జారే ప్రమాదం ఉంది. కాబట్టి చేతికి కాస్త బరువైనా రెండు తాళ్ల పద్ధతే మేలు.

దూలం మీద ఎంత బరువు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కప్పీ వల్ల మన చేతి బరువు సగమైంది కదా, దూలం మీద బరువు కూడా తగ్గిందా? చాలామంది తగ్గిందనే అనుకుంటారు. నిజానికి పెరిగింది.

లెక్క చూడండి. పడవ బరువు 24 కిలోలు. అది ఎలాగూ పైకప్పు మీదే పడుతుంది. దానికి తోడు మనం తాడును కిందికి 12 కిలోల బలంతో లాగుతున్నాం. ఆ బలం కూడా పైకప్పు మీదే పడుతుంది. మొత్తం 36 కిలోలు. లాగడం అయ్యాక తాడును గోడ మీది కొక్కేనికి కట్టేసి మనం ఇంట్లోకి వెళ్లిపోయినా అది 36 కిలోలే. ఎందుకంటే మన చేయి చేసిన పనిని ఇప్పుడు గోడ కొక్కెం చేస్తోంది.

ఒకే స్థిర కప్పీ ఉన్నప్పుడు సంగతి ఇంకా తీవ్రం. ఇటు 24, అటు 24. దూలం మీద 48 కిలోలు. వస్తువు బరువుకు సరిగ్గా రెట్టింపు.

ఇంకో మాట. తాడు పైకప్పు వెంట అడ్డంగా వెళ్లే చోట అది స్క్రూలను కిందికే కాదు, పక్కకు కూడా గుంజుతుంది. తాడును ఒక్కసారి వదిలేసి పడవ కొద్ది దూరం పడి ఆగినా ఆ కుదుపుకు క్షణంలో వచ్చే బలం ఈ లెక్కలకు ఎన్నో రెట్లు ఉంటుంది. కప్పీ మన చేతిని కాపాడుతుంది గానీ దూలాన్ని కాపాడదు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తు పెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

గ్యారేజీ పైకప్పు సంగతి

అమెరికాలో ఎక్కువ ఇళ్లు చెక్క చట్రంతో కడతారు. మన ఇళ్లలాగా సిమెంటు స్లాబు ఉండదు. గ్యారేజీలో తల పైకెత్తితే కనిపించే తెల్లటి కప్పు సాధారణంగా డ్రైవాల్ అనే జిప్సం పలక. దాని మందం అర అంగుళం, మహా అయితే ఇంకొంచెం. అందులో స్క్రూ బిగిస్తే సుద్దముక్కలో మేకు కొట్టినట్టే, బరువు పడగానే ఊడి వస్తుంది. బరువు మోసేది ఆ పలక వెనక ఉన్న చెక్క దూలాలు. వాటిని జాయిస్టులు అంటారు. ఒక దూలం మధ్య నుంచి ఇంకో దూలం మధ్యకు సాధారణంగా 16 అంగుళాలు లేదా 24 అంగుళాలు ఉంటుంది.

దూలం ఎక్కడుందో తెలుసుకోవడానికి స్టడ్ ఫైండర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. దాంతో గుర్తు పెట్టుకుని, సన్నటి మేకుతో గుచ్చి నిర్ధారించుకోవాలి. ఈ దూలం వెడల్పు అంగుళన్నరే. స్క్రూ సరిగ్గా దాని నడిమిలో దిగాలి. ముందు స్క్రూ కంటే సన్నటి రంధ్రం వేసి, ఆ తర్వాత బిగించాలి. అలా చేయకపోతే చెక్క చీలుతుంది. చీలిన చెక్క మోయదు.

ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, నాలుగైదు దూలాలకు అడ్డంగా ఒక గట్టి చెక్కను ముందు బిగించి, కప్పీలను ఆ చెక్కకు బిగించడం. బరువు ఒక్క దూలం మీద కాకుండా అన్నిటి మీదా పరుచుకుంటుంది. పక్కకు గుంజే బలాన్ని కూడా ఆ చెక్కే భరిస్తుంది.

చాలా ఇళ్లలో జాయిస్టులకు బదులు ట్రస్‌లు ఉంటాయి. ఇవి సన్నటి చెక్కలను త్రికోణాలుగా, ఇనుప పలకలతో కలిపి చేసిన చట్రాలు. వీటి కింది చెక్కను కప్పు పలకలను మోయడానికే లెక్కకట్టి చేసి ఉండవచ్చు, సామాన్లు వేలాడదీయడానికి కాదు. అలాంటి చోట తెలిసిన ఇంజినీరును అడగకుండా బరువు కట్టకూడదు. ట్రస్‌ను కోయడం, పెద్ద రంధ్రాలు వేయడం అసలే కూడదు.

గ్యారేజీ తలుపు సంగతీ చూసుకోవాలి. ముక్కలు ముక్కలుగా మడిచి పైకి లేచే ఆ తలుపు తెరిచినప్పుడు పైకప్పు కిందకు వచ్చి అడ్డంగా నిలుస్తుంది. పడవ ఆ దారిలో ఉండకూడదు. తలుపు పట్టాలకు గానీ, దాని స్ప్రింగులు బిగించిన కడ్డీకి గానీ ఏ తాడూ కట్టకూడదు. ఆ స్ప్రింగుల్లో మనుషులను చంపగలిగినంత బలం బిగిసి ఉంటుంది.

కట్టేటప్పుడు పాటించాల్సినవి

1. పట్టీలు వెడల్పుగా ఉండాలి. సన్నటి తాడుతో కడితే ప్లాస్టిక్ ఆ గీత దగ్గర లోపలికి నొక్కుకుపోతుంది. కప్పు దగ్గర వేసవిలో వేడి ఎక్కువ. వేడికి పాలిథిన్ మెత్తబడి వంకర తిరుగుతుంది.

2. కొనల్లో ఉండే పిడులకు కట్టి నెలల తరబడి వేలాడదీయకూడదు. అవి చేత్తో మోసుకెళ్లడానికి ఇచ్చినవి. అలా కడితే పడవ నడుము దిగిపోతుంది. బోర్లించి గానీ, పక్కకు ఒరిగించి గానీ ఉంచితే అడుగు భాగం నొక్కుకుపోకుండా ఉంటుంది.

3. తాడు పాలియెస్టర్‌ది అయితే మంచిది. నైలాన్ తాడు బరువుకు సాగుతుంది, పొద్దున్నకు పడవ కిందికి దిగి ఉంటుంది. తాడు చుట్టకు తెగే బరువు ఇంత అని చీటీ ఉంటుంది. అంత బరువు వేలాడదీయవచ్చని దాని అర్థం కాదు. అందులో ఐదో వంతు నుంచి పన్నెండో వంతు మధ్య మాత్రమే వాడుక బరువుగా తీసుకోవడం తాళ్ల పరిశ్రమలో పద్ధతి.

4. తాడు మందానికి తగిన గాడి ఉన్న కప్పీనే ఎంచుకోవాలి. తాడు పెద్దదై గాడి చిన్నదైతే అంచులు తాడును కోస్తాయి. తాడు మరీ చిన్నదైతే గాడి దాటి చక్రానికీ చట్రానికీ మధ్య ఇరుక్కుంటుంది.

5. లాగేటప్పుడు తాడును చేతికి చుట్టుకోకూడదు. జారితే తాడుతో పాటు చేయి కూడా వెళుతుంది. చేతి తొడుగులు వేసుకుని, రెండు చేతులతో మార్చి మార్చి లాగాలి. కింద పిల్లలు ఉండకూడదు.

6. పడవ పైకి చేరాక తాడు మీదే వదిలేయకుండా, దూలాల నుంచి నేరుగా రెండు అదనపు పట్టీలు వేసి పడవను వాటి మీద ఆనించాలి. దీనికి రెండు లాభాలున్నాయి. తాడు తెగినా పడవ పడదు. తాడు వదులవుతుంది కాబట్టి లాగుడు బలం 12 కిలోలు మాయమై దూలం మీద బరువు 36 నుంచి 24 కిలోలకు దిగుతుంది.

7. ఏటా ఒకసారి స్క్రూలు వదులయ్యాయేమో, తాడు పోగులు లేచాయేమో, పట్టీలు ఎండిపోయాయేమో చూసుకోవాలి.

మన ఊళ్లలో ఇదే లెక్క

కయాక్‌ను ఇక్కడ చాలామందిమి చూసి ఉండకపోవచ్చు. కానీ గిలకను చూడనివారు లేరు. ఒకప్పుడు ఎద్దులతో నీళ్లు తోడిన మోట బావుల్లో, రాయలసీమలో కపిలి అని పిలిచిన ఏర్పాటులో పెద్ద గిలకే ఉండేది. చేద బావి మీద 15 కిలోల బరువున్న నీళ్ల బిందెను తోడితే, పైనున్న అడ్డకర్ర మీద పడేది 30 కిలోలు. పదేళ్ల కింద వేసిన ఆ కర్రకు చెద పట్టిందో లేదో ఎవరైనా చూస్తున్నారా?

ఇల్లు కట్టే చోట చూడండి. మొదటి అంతస్తు మీద వెదురు బొంగు కట్టి, దానికి గిలక వేసి, ఇటుకలూ సిమెంటు మాలూ పైకి లాగుతారు. 30 కిలోల గంప అయితే ఆ వెదురు మీద 60 కిలోలు. పైగా ప్రతి కుదుపుకూ ఇంకొంత. వెదురు విరిగినా, కట్టు జారినా కింద ఉండేది తాపీ పని, కూలి పని చేసుకునే మనవాళ్లే. మన హాస్టళ్లలో చదివే పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు చేసే పని ఇది. "30 కిలోలే కదా, ఈ కర్ర చాలు" అనేవారికి "కర్ర మీద పడేది 60 కిలోలు" అని చెప్పగలిగితే ఆ చదువు ఇంటికి ఉపయోగపడినట్టే. అదే చోట బరువు దగ్గర ఇంకో గిలక పెట్టి తాడు కొనను పైన కడితే లాగేది 15 కిలోలు, వెదురు మీద 45 కిలోలు. నడుమూ బాగుంటుంది, కర్రా బాగుంటుంది. ఖర్చు ఒక గిలక, ఇంకొన్ని మీటర్ల తాడు.

చేసి చూడండి

ఇది నమ్మాల్సిన పని లేదు, పరీక్షించవచ్చు. సైన్సు గదిలో 5 కిలోల దాకా తూచే స్ప్రింగ్ త్రాసులు రెండు, కప్పీలు రెండు, కొంచెం గట్టి పురికొస అడిగి తీసుకోండి. 2 లీటర్ల సీసా నిండా నీళ్లు పోస్తే మన బరువు సిద్ధం. ఆటస్థలంలోని ఇనుప బార్‌కు కట్టండి. గదిలోని ఫ్యాను కొక్కేనికి మాత్రం ఏదీ కట్టకండి.

మొదట సీసాను త్రాసుకు నేరుగా తగిలించి చూడండి. సుమారు 2 కిలోలు. తర్వాత ఒక కప్పీని బార్‌కు కట్టి, తాడును త్రాసుతో నిట్టనిలువుగా కిందికి లాగండి. అదే 2 కిలోలు, ఒరిపిడికి ఇంకొంచెం. ఇప్పుడు రెండో త్రాసును బార్‌కు తగిలించి, దాని కొక్కేనికి కప్పీని వేలాడదీసి మళ్లీ లాగండి. పైనున్న త్రాసు సుమారు 4 కిలోలు చూపిస్తుంది. దూలం ఎంత మోస్తోందో అది మీ కళ్లకు చెబుతుంది. చివరగా సీసాకు చర కప్పీ పెట్టి చూడండి. చేతిలోని త్రాసు సుమారు 1 కిలో, పైనున్న కప్పీ ఒక్కటే వేలాడే త్రాసు సుమారు 2 కిలోలు చూపిస్తాయి. మిగిలిన 1 కిలోను తాడు కొన కట్టిన చోట బార్ మోస్తోంది. మొత్తం 3. కప్పీ సొంత బరువు కొంచెం కలుస్తుంది. ఈ అంకెలను పట్టికగా రాసి మీ సైన్సు టీచరుకు చూపించండి.

రేపు మీరు ఏ ఊళ్లో, ఏ దేశంలో ఉన్నా, ఏ బరువునైనా తాడుతో పైకెత్తే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. బరువు ఎంత? దాన్ని ఎన్ని పాయలు మోస్తున్నాయి? పైన ఏం పట్టుకుని ఉంది? కింద ఎవరు నిలబడి ఉన్నారు? నాలుగింటికీ జవాబు తెలిసాకే తాడు మీద చేయి వేయండి.